ఇండోనేషియా పల్లెల్లో ఇల్లు, పొలం, హక్కు: అపోహలు – వాస్తవాలు

ఇండోనేషియా గ్రామీణ భూహక్కుల మీద పనిచేస్తున్న నన్ను తెలుగు మిత్రులు తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. బాలిలోనో జావాలోనో ఒక పల్లెలో కాస్త స్థలం కొనుక్కోవచ్చా అన్నది మొదటిది. ఆ పల్లెల్లో భూమి ఇంకా ఊరుమ్మడిదేనట, నిజమేనా అన్నది రెండోది. హక్కు అంటే మొత్తం ఒకరిదో, మొత్తం అందరిదో అయి ఉండాలన్న భావన ఈ రెండింటిలోనూ ఉంది. ఆ పల్లెల్లో నేల ఒకరిది, దానిమీది చెట్టు మరొకరిది, ఈ ఏటి పంటలో సగం ఇంకొకరిది కావచ్చు. 1960 సెప్టెంబరు 24న వచ్చిన మౌలిక భూచట్టం కూడా 'అదాత్' అనే ఆచార న్యాయాన్నే తన పునాదిగా ప్రకటించుకుంది. ఈ నేపథ్యం తెలియకుండా అక్కడి ఆస్తి వ్యవహారాలు అర్థం కావు.

అపోహ: నేల ఎవరిదైతే ఇల్లూ చెట్లూ వారివే.

ఆచార న్యాయం నేలను, నేలమీద నిలిచినదాన్ని వేరువేరుగా చూస్తుంది. ఒకరి నేలలో మరొకరు నాటిన కొబ్బరి, లవంగ చెట్లు నాటినవారికే చెందడం, వారి పిల్లలకు వారసత్వంగా రావడం తూర్పు దీవుల్లో కొత్త విషయం కాదు. దక్షిణ సులవేసిలోని బుగిస్ పల్లెల్లో స్తంభాలమీద నిలిపిన కొయ్య ఇంటిని నేలతో సంబంధం లేకుండా మరో చోటికి తరలించవచ్చు. ఊరి మగవారంతా చేరి, ఇంటి అడుగున వెదురు బొంగులు కట్టి, ఇంటిని ఉన్నదున్నట్టుగా భుజాలకెత్తుకుని కొత్త స్థలానికి మోసుకుపోయే ఆనవాయితీ ఇప్పటికీ కొనసాగుతోంది. జావాలో జోగ్లో అనే పాత తరహా కొయ్య ఇళ్లను స్తంభాలతో, దూలాలతో సహా విప్పి అమ్ముతారు. అందుచేత దస్తావేజులో నేల గురించి రాసి ఊరుకోకుండా ఇల్లు, చెట్ల సంగతి విడిగా రాయించుకోవాలి.

బాలి పల్లెల్లో మరో చిక్కు ఉంది. ఊరి నడుమ ఉండే చాలా నివాస స్థలాలు కుటుంబాలవి కావు, 'దేసా అదాత్' అనే ఆచార గ్రామానివి. అక్కడ కాపురం ఉన్న కుటుంబం గుడి పండుగలకు, ఊరి పనులకు మనుషులను పంపాలి. ఆ బాధ్యత నెరవేరుస్తున్నంత కాలమే ఆ స్థలం వారిది, కాబట్టి దాన్ని బజారు సరుకుగా భావించి బేరమాడడం ఊరిని అవమానించడమేనని నా అభిప్రాయం.

అపోహ: గ్రామ కార్యాలయం పుస్తకంలో పేరు, చేతిలో పన్ను రసీదు ఉంటే చాలు.

పల్లె కుటుంబాలు ట్రంకు పెట్టెల్లో దాచుకునే గిరిక్, పెటోక్ పత్రాలు, గ్రామాధికారి దగ్గర ఉండే 'లెటర్ సి' పుస్తకం శిస్తు లెక్కల నుంచి పుట్టినవి. వాటికి విలువ లేదనడం లేదు గానీ, కోర్టులో బలంగా నిలిచే సాక్ష్యం భూ కార్యాలయం ఇచ్చే సర్టిఫికెట్ మాత్రమే. 1997 నాటి 24వ ప్రభుత్వ నిబంధన ప్రకారం అమ్మకం 'పీపీఏటీ' అనే అధీకృత దస్తావేజు అధికారి సమక్షంలో జరగాలి. గ్రామ పెద్ద సాక్షి సంతకంతో ముగించిన అమ్మకాన్ని భూ కార్యాలయంలో నమోదు చేయించుకోవడం కష్టమవుతుంది. ప్రభుత్వం 2017 నుంచి ఊరూరా స్థలాలన్నిటినీ వరుసగా కొలిచి సర్టిఫికెట్లు ఇచ్చే కార్యక్రమాన్ని నడుపుతున్నది అందుకే.

పాత పత్రాల నమోదుకు 2021 నాటి 18వ నిబంధన పెట్టిన ఐదేళ్ల గడువు 2026 ఫిబ్రవరి 2 వరకు. ఆ తేదీ దాటితే భూమి సర్కారు పాలవుతుందన్న వదంతి చాలామందిని భయపెట్టింది. అది నిజం కాదు. గడువు తర్వాత ఆ కాగితం సాక్ష్యంగా చెల్లదు, ఆచూకీ తెలిపే ఆధారంగా మాత్రం పనికొస్తుంది. ఇరవై ఏళ్లు వరుసగా, నిజాయితీగా, అందరి ఎదుటా అనుభవిస్తూ, నమ్మదగిన సాక్షులున్నవారు అనుభవం ఆధారంగానే నమోదు కోరవచ్చు.

అపోహ: తాకట్టు పెట్టిన పొలం అప్పు మొత్తం కట్టేదాకా తిరిగి రాదు.

పల్లె పేదలకు అన్నిటికంటె ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఆచారం ప్రకారం తాకట్టు పట్టినవారు పొలం సాగుచేసుకుని పంట తింటారు, అప్పు మాత్రం తరగదు. కానీ 1960 నాటి 56వ చట్టం ఏడో అధికరణం ప్రకారం తాకట్టు ఏడేళ్లు నిండితే, చేనుమీది పైరు కోసిన నెలలోగా పొలాన్ని పైసా తీసుకోకుండా తిరిగి ఇచ్చేయాలి. ఏడేళ్లు నిండకముందు విడిపించుకోవాలంటే చట్టంలోనే లెక్క ఉంది: ఏడున్నర నుంచి గడిచిన ఏళ్లను తీసివేసి, ఏడుతో భాగించి, తాకట్టు సొమ్ముతో హెచ్చించాలి. కోటి రూపియాకు పెట్టిన పొలాన్ని నాలుగేళ్ల తర్వాత విడిపించుకుంటే కట్టవలసింది యాభై లక్షలే. పొలం పట్టినవారు తరచుగా బంధువులో పొరుగువారో అయినందువల్ల ఈ హక్కును నోరు తెరిచి అడిగేవారు తక్కువ, అయినా అడగడం వారి హక్కే.

అపోహ: ఇండోనేషియావారిలో ఎక్కువమంది ముస్లింలు గనుక వారసత్వమంతా షరియా ప్రకారమే.

పశ్చిమ సుమత్రాలోని మినాంగ్‌కబావు ప్రజలు ఇస్లాంను నిష్ఠగా పాటించేవారు. అయినా 'హార్తా పుసాకా తింగ్గి' అనే వారి పూర్వార్జితం తల్లి నుంచి కూతుళ్లకే సంక్రమిస్తుంది. వంశానికి పెద్దగా ఉండే మేనమామ దాన్ని సంరక్షిస్తాడే గానీ అమ్మలేడు. తాకట్టుకు సైతం ఆచారం ఒప్పుకునే సందర్భాలు నాలుగే: ఇంట్లో శవం ఉండి అంత్యక్రియలకు సొమ్ము లేకపోవడం, ఈడొచ్చిన ఆడపిల్ల పెళ్లి, వంశగృహమైన రుమా గడాంగ్ పాడైపోవడం, ఖాళీపడిన వంశ పెద్ద పదవిని తిరిగి నిలబెట్టడం. స్వార్జితం విషయంలో మాత్రం ఇస్లామిక్ నియమాలు వర్తిస్తాయి. జావాలోనైతే కొడుక్కి రెండు వంతులు, కూతురికి ఒకటి అనే పద్ధతీ, ఇద్దరికీ సమానమనే పద్ధతీ రెండూ ఉన్నాయి.

అపోహ: 'గోతోంగ్ రోయోంగ్' అనే పరస్పర సాయం ఉంది గనుక పల్లెలో హెచ్చుతగ్గులు లేవు.

ఇల్లు లేపడానికి, చావు పనులకు ఊరంతా చేయి వేయడం నిజమే. ఇంటింటా వేలాడదీసిన డబ్బాలోని గుప్పెడు బియ్యాన్ని రాత్రి కావలివారు పోగుచేసి ఉమ్మడి నిధికి జమచేసే 'జింపితాన్' కూడా ఉంది. కానీ అర హెక్టారుకు లోబడిన కమతాలతో బతికే రైతు కుటుంబాలు 2023 వ్యవసాయ గణనలో దాదాపు 1.69 కోట్లు. భూమి లేనివారు సగం పాలుకు సాగుచేస్తారు లేదా కోతలో వాటాకు కూలి చేస్తారు. 1970లలో నిలువు పైరును వ్యాపారికి అమ్మే 'తెబాసాన్' పద్ధతి విస్తరించి, కంకులు ఒక్కొక్కటిగా కోసే 'అనీ-అనీ' కత్తుల స్థానంలో కొడవళ్లు రావడంతో ఎందరో పేద స్త్రీలు ఆ కోత వాటాను పోగొట్టుకున్నారు.

అపోహ: ఊరివారి పేరున కొనిపెట్టుకుంటే విదేశీయులకూ పొలం దక్కుతుంది.

దక్కదు. 1960 నాటి మౌలిక భూచట్టం 21వ అధికరణం ప్రకారం పూర్తి యాజమాన్యం ఇండోనేషియా పౌరులకే. విదేశీయుడికి ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ ఆ హక్కు దఖలుపరచే ఒప్పందం చెల్లదనీ, అప్పుడు భూమి ప్రభుత్వపరమవుతుందనీ, చెల్లించిన సొమ్ము తిరిగి అడగలేరనీ 26వ అధికరణం చెబుతోంది. ఇండోనేషియా స్త్రీని పెళ్లాడిన తెలుగువారు కూడా ఆస్తి విభజన ఒప్పందం రాసుకోకపోతే భార్య భూమి హక్కే చిక్కుల్లో పడుతుంది. అలాంటి ఒప్పందాన్ని పెళ్లి తర్వాత కూడా రాసుకోవచ్చని రాజ్యాంగ న్యాయస్థానం 2015 నాటి కేసులో తీర్పు చెప్పింది. నివాస అనుమతి ఉన్న విదేశీయులకు ఇంటి కోసం ఉన్న మార్గం 'హక్ పకాయ్' అనే వినియోగ హక్కు. ప్రభుత్వ భూమిపై అయితే దాని గడువు 30 ఏళ్లు, పొడిగింపు 20 ఏళ్లు, ఆపై పునరుద్ధరణ 30 ఏళ్లు. పల్లెలో కొన్నాళ్లు ఉండదలచినవారికి రాతపూర్వకమైన అద్దె ఒప్పందం చాలు.