తాబేళ్ళ గొడవలోకి ఫైబర్ బోటు ఎలా వచ్చి పడింది

నవంబర్ 1 వస్తే చాలు, ఒడిశాలోని గంజాం తీరంలో మన జాలరోళ్ళకీ ఫారెస్టోళ్ళకీ మళ్ళీ మొదలు. రుషికుల్య నది మొగ దగ్గర తాబేళ్ళ కోసం మే 31 దాకా, 20 కిలోమీటర్ల లోపు వేట బంద్. తాబేళ్ళు గుంపులుగా వచ్చి గుడ్లు పెట్టే సంగతి ఫోన్లలో అందరూ చూసిందే, అది వదిలేద్దాం. అసలు మెలిక 1996లో పడిందని నా లెక్క.

టెడ్ పెట్టని ట్రాల్ వలల (ట్రాలర్ అనే పెద్ద మరబోటు ఈడ్చుకెళ్ళే వలల) రొయ్యలు కొనబోమని అప్పుడు అమెరికా పట్టుబట్టింది. టెడ్ అంటే పెద్ద సైన్సేం కాదు, వల గొంతులో ఇనప చువ్వల జల్లెడ, పక్కన ఒక కన్నం. రొయ్య సందుల్లోంచి వెనక సంచిలోకి పోద్ది, తాబేలు చువ్వలకి తగిలి కన్నంలోంచి బయటపడుద్ది. లేకపోతే గంటల తరబడి లాగే వల్లో ఊపిరాడక చస్తది, దానికి మొప్పలు లేవు కదా. మన దేశం మాత్రం మలేసియా, థాయ్‌లాండ్, పాకిస్తాన్‌తో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవోకెళ్ళింది, అమెరికా అమలు చేసిన తీరు తప్పని 1998లో తీర్పూ వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒడిశా ఒడ్డుకి ఒక్క సీజన్లో పదివేలకు పైగా తాబేళ్ళు చచ్చి కొట్టుకొచ్చాయి. కన్నంలోంచి చేప కూడా పోతుందని ట్రాలర్ ఓనర్లు అంటారు, కొంత నిజమే.

వలకి జల్లెడ పెట్టించలేక సముద్రానికే తలుపేశారు. 1997లో ఒడిశాలోనే గహిర్మథా తీరం అభయారణ్యం అయింది, తర్వాత రుషికుల్య లాంటి మొగల దగ్గర సీజన్లో వేట బంద్ పెట్టారు. ఇంజిన్ లేని పడవకి మినహాయింపు ఉంది, బానే ఉంది, కానీ ఇప్పుడు తెడ్డేసుకుని ఎవడెళ్తాడండీ? తెప్పలు పోయి ఫైబర్ బోట్లొచ్చాయి, వెనకాల చిన్న మోటారు తగిలించినందుకు అదీ ట్రాలర్ పక్కన చేరిపోయింది. చిన్న వలల్లో కూడా తాబేళ్ళు చిక్కుకుంటాయని అధికారుల వాదన. 1982 నాటి ఒడిశా చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 5 కిలోమీటర్ల లోపలికి ట్రాలర్ రాకూడదు మరి, అయినా వస్తాయి, వాటిలో మన విశాఖ బోట్లూ ఉంటాయి, ఒప్పుకోవాలి.

తాబేళ్ళు గుడ్లు పెట్టే ఈ రుషికుల్య చోటుని 1994లో శాస్త్రవేత్తలు కనుక్కున్నారని రాస్తారు. పురుణబంధ, గోఖరకుద, పొడంపేట జనానికి అంతకుముందే తెలుసు, లైట్ల వైపు పాకిపోయే తాబేలు పిల్లల్ని బుట్టల్లో ఏరి నీళ్ళలో వదిలేదీ ఆ ఊళ్ళ కుర్రాళ్ళే. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్ళు ఆ ఇసకలో గుడ్లు పెట్టాయి. 2019లో అమెరికా మళ్ళీ మన సముద్రపు రొయ్యలు ఆపేసింది, కారణం అదే టెడ్.