టాకిల్‌కి దిగే ముందు

పిల్లలూ,

ఫుట్‌బాల్‌లో ఎదుటివారి కాలి దగ్గరున్న బంతిని లాక్కోవడానికి వెళ్లడాన్నే టాకిల్ అంటాం.

"నేను బంతినే తన్నాను సార్!" అని రెఫరీతో వాదించని డిఫెండర్ ఉండడు. చాలాసార్లు ఆ మాట నిజమే. అయినా ఆటలోంచి పంపేసే రెడ్ కార్డు రావచ్చు, రావాలి కూడా.

ఫౌల్స్ గురించి చెప్పే 12వ నియమంలో మూడు మెట్లున్నాయి. అజాగ్రత్తగా మీదికెళ్తే ఫ్రీ కిక్‌తో సరి. ఎదుటివారికి ఏమవుతుందో లెక్కచేయకుండా వెళ్తే హెచ్చరికగా ఎల్లో కార్డు. మితిమీరిన బలం వాడినా, ఎదుటివారి భద్రతకు ముప్పు తెచ్చినా రెడ్ కార్డు. ముందు నుంచి దూకారా, పక్క నుంచా, వెనక నుంచా, ఒక కాలా, రెండు కాళ్లా అన్నదానితో పనిలేదు. బంతి ముందు తగిలితే తప్పు లేదనే మినహాయింపు ఆ నియమంలో ఎక్కడా కనబడదు.

ఇది ఒక్క రోజులో వచ్చింది కాదు. 1966 ప్రపంచకప్‌లో పీలేని తన్ని తన్ని కుంటేలా చేశారు. అప్పటికి కార్డులే లేవు, అవి 1970 ప్రపంచకప్‌తో వచ్చాయి. 1983లో బార్సిలోనాకు ఆడుతున్న మారడోనా ఎడమ చీలమండ వెనక నుంచి వచ్చిన టాకిల్‌కి విరిగింది. వెనక నుంచి చేసే ప్రమాదకరమైన టాకిల్‌కి రెడ్ కార్డు చూపాల్సిందేనని రెఫరీలకు గట్టిగా చెప్పింది 1998 ప్రపంచకప్‌కి.

ఇప్పుడు ఎముక ఎందుకు విరుగుతుందో చూడండి. పరిగెత్తే మనిషి కాలు గాల్లో ఉన్నప్పుడు దెబ్బ తగిలితే కాలు పక్కకు జరిగిపోతుంది, నొప్పి పుడుతుంది, అంతే. అదే కాలు నేలమీద ఆని, ఒంటి బరువంతా దానిమీదే ఉండి, బూటు అడుగున బొడిపెల్లా ఉండే స్టడ్స్ గడ్డిలో దిగబడి ఉంటే పాదం కదలదు. జరగడానికి చోటులేక ఆ దెబ్బను చీలమండ, మోకాలు, వాటి మధ్య ఎముకలు భరించాలి. టాకిల్ చేసేవారి మోకాలు బిగుసుకుని తిన్నగా ఉంటే వారి బరువూ వేగమూ మొత్తం నాలుగైదు స్టడ్స్ మీదుగా ఒకేచోట దిగుతాయి. మోకాలు వంగి ఉంటే కొంత ఊపు అక్కడే తగ్గిపోతుంది. రెండు కాళ్లూ నేలను విడిచాయంటే ఇక బ్రేకు లేని బండే. బంతి అరక్షణం ముందు జరిగినా మీరు ఆగలేరు, తిరగలేరు. అందుకే రెఫరీ చూసేవి ఇవి: వేగం, స్టడ్స్ ఎటు తిరిగి ఉన్నాయి, ఎంత ఎత్తులో తగిలాయి, శరీరం అదుపులో ఉందా.

మంచి డిఫెండర్ ఎక్కువసేపు టాకిల్ చేయకుండానే గడుపుతాడు. ఎదుటివారికి ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో పక్కవాటుగా నిలబడండి. మోకాళ్లు వంచండి, చూపు బంతిమీద ఉంచండి, చిన్న అడుగులతో వెనక్కి జరుగుతూ వాళ్లను మైదానం పక్క గీత వైపుకు మళ్లించండి. బంతి వాళ్ల పాదం నుంచి కాస్త దూరం జారే క్షణం వస్తుంది, ఓపిక పట్టండి. అప్పుడు ఆనిన కాలు బంతి పక్కన పెట్టి, రెండో కాలి లోపలి వైపుతో, చీలమండ బిగించి, బంతి మధ్యలో తగిలించండి. పాదం పైకి లేవకూడదు, బంతిమీదుగా జారితే అవతల ఉన్నది ఎముకే. ఇద్దరూ ఒకేసారి బంతికి వెళ్లినప్పుడు సగంలో భయపడి కాలు సడలిస్తే దెబ్బ మీకే తగులుతుంది. వెళ్తే బిగించి వెళ్లండి, అనుమానముంటే అసలు వెళ్లకండి.

నేలమీద జారుతూ చేసే స్లైడింగ్ టాకిల్ చివరి ఉపాయం. నేర్చుకోవాలంటే మెత్తటి తడి గడ్డిమీద, ఎదురుగా ఎవరూ లేకుండా, ఆగిన బంతితో మొదలుపెట్టండి. కింది కాలు మడిచి, తొడ పక్కభాగంమీద జారాలి, పై కాలు నేలకు ఆనుకునే రావాలి, స్టడ్స్ మనిషి వైపు చూపకూడదు. గట్టి మట్టి నేలమీద దీని జోలికి పోవద్దు, తొడ చర్మం లేచిపోతుంది.

బంతిని తలతో కొట్టడానికి (హెడ్డింగ్‌కి) ఎగిరేటప్పుడు మోచేతులు భుజం కంటే పైకి పోనివ్వకండి. ఎదుటివారు గాల్లో ఉండగా వాళ్ల కిందికి నడుం వంచి దూరడం నాకు అన్నిటికంటే నీచంగా తోస్తుంది. చేతులు ఆనించుకునే వీలులేక వీపుమీదో మెడమీదో పడతారు.

మోకాలి కింది ఎముకకు ముందువైపు కట్టుకునే షిన్‌గార్డులు నియమం ప్రకారం తప్పనిసరి, మేజోళ్ల లోపలే ఉండాలి. మోకాలి కింద రెండు మూడు వేళ్ల వెడల్పు వదిలి మొదలై, చీలమండ వంగే చోటికి కాస్త పైన ముగిసేవి తీసుకోండి. అరచేతిలో పట్టే బుల్లి షిన్‌గార్డులు పెద్ద ఆటగాళ్లు పెట్టుకుంటున్నారని కొనకండి. ఎంత మంచివైనా దెబ్బను పరచగలవు గానీ చీలమండనీ మోకాలినీ కాపాడలేవు.

ఎవరైనా పడిపోయి కాలు వంకరగా కనబడితే లేపకండి, నిటారు చేయకండి, బూటు లాగకండి. ఆట ఆపించి అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. తలకు తగిలిన దెబ్బ ప్రమాదకరం కావడానికి స్పృహ తప్పనవసరం లేదు. తలనొప్పి, వాంతి, తూలడం, స్కోరెంతో చెప్పలేకపోవడం, అడిగిందే మళ్లీ అడగడం, వీటిలో ఒక్కటి కనిపించినా ఆ రోజుకి ఆట బందు. పది నిమిషాలకు "బాగానే ఉన్నాను" అన్నా సరే, డాక్టరు చూసి ఒప్పుకునేదాకా తిరిగి దింపకూడదు.