బ్రేక్ ప్యాడ్లు మార్చేటప్పుడు ధర కంటే ముందు వేడి గురించి అడగండి

ప్యాడ్లు అయిపోయాయి అని మెకానిక్ చెప్పగానే మనం అడిగే మొదటి ప్రశ్న ఎంతవుతుంది అని, రెండోది కంపెనీవి వేస్తావా లోకల్‌వి వేస్తావా అని, మూడోది ఉండదు. అసలు అడగాల్సింది ఇంకోటుంది, నా బండి బ్రేకులు మామూలుగా ఎంత వేడెక్కుతాయి, ఈ ప్యాడు ఆ వేడికి పనికొస్తుందా అని. ఇదేం ప్రశ్న అనిపిస్తుంది గానీ ప్యాడ్లు, అవి నొక్కి పట్టే డిస్కులు, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్ళాలు, ఎంచుకోవడం మొత్తం ఈ వేడి చుట్టూనే తిరుగుతుంది, స్విఫ్టు, ఐ20, టియాగో లాంటి చిన్న కార్లకి మరీనూ, ఎందుకంటే వీటి డిస్కులు కూడా చిన్నవే.

ఓ లెక్క చూద్దాం. మనుషులతో కలిపి 1100 కిలోల కారు గంటకి 100 కిలోమీటర్ల స్పీడులో వెళ్తుంటే దాని చలనశక్తి దాదాపు 424 కిలోజౌళ్ళు. బ్రేక్ కొట్టి ఆపితే ఆ శక్తి మాయమైపోదు, దాదాపు అంతా బ్రేకుల్లో వేడిగా మారుతుంది, మామూలు నీళ్ళు లీటరుంబావు పైచిలుకు మరగడానికి కావాల్సినంత వేడి, అదీ నాలుగైదు సెకన్లలో. బ్రేక్ కొట్టినప్పుడు బరువంతా ముందుకి వాలుతుంది కాబట్టి ఇందులో ముప్పావు వంతు ముందు చక్రాలే మోస్తాయనుకోండి, ఒక్కో ముందు డిస్కు ఐదు కిలోల పోత ఇనుము అనుకోండి, ఆ ఒక్క బ్రేకుకే డిస్కు 70 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అదే 50 స్పీడు నుంచి ఆపితే 17 డిగ్రీలే. స్పీడు సగమైతే వేడి నాలుగో వంతు, అందుకే సిటీలో తిరిగే కారు బ్రేకులకీ హైవే మీద తిరిగే కారు బ్రేకులకీ పోలికే లేదు.

ఇంక ఘాట్ రోడ్డు సంగతి వేరే. తిరుమల నుంచి తిరుపతికి దిగేటప్పుడు మనం దాదాపు 700 మీటర్ల ఎత్తు కిందికి వస్తాం. గేర్ల సాయం లేకుండా, న్యూట్రల్‌లో పడేసి కేవలం బ్రేకుల మీదే దిగితే, గాలి, టైర్లు మోసేది లెక్కలోకి తీసుకోకపోతే, వాటిలో పుట్టే వేడి దాదాపు 100 స్పీడు నుంచి కారుని 18 సార్లు పూర్తిగా ఆపినంత. కారు చిన్నదైనా పెద్దదైనా ఈ 18 అనే అంకె మారదు, రెండు వైపులా బరువు కొట్టుకుపోతుంది కాబట్టి. సెకండ్ గేర్‌లో దిగండి అని అందరూ చెప్పేది ఊరికే కాదు, అలా దిగితే ఆ వేడిలో పెద్ద భాగం ఇంజన్ మోస్తుంది, ప్యాడ్లు బతికిపోతాయి. దిగాక చక్రాల్లోంచి కాలిన వాసన వస్తోందని బాటిల్‌తో నీళ్ళు కొడుతుంటారు కొంతమంది, దయచేసి ఆ పని చెయ్యకండి, కాలే పోత ఇనుము మీద ఒకే పక్క చన్నీళ్ళు పడితే పగుళ్ళు రావచ్చు. కాసేపు మెల్లగా నడపండి, గాలికే చల్లారుతుంది.

ఇప్పుడు ప్యాడు దగ్గరికి వద్దాం. ఇనప రేకు మీద అతికించిన ఆ నల్లటి ముక్కలో పది ఇరవై రకాల దినుసులుంటాయి. అన్నిటినీ పట్టి ఉంచేది ఫినాలిక్ రెసిన్ అనే గట్టి జిగురు, బలానికి రకరకాల పోగులు, మెత్తగా రాసుకోడానికి గ్రాఫైటు, పట్టు కోసం గరుకు పొడులు, నింపడానికి బేరియం సల్ఫేటు. ఈ బేరియం సల్ఫేటే మన ముగ్గురాయి, మంగంపేటలో ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటి ఉంది చూడండి, అదే రాయి. అక్కడి రాయి ఎక్కువగా చమురు బావులు తవ్వేవాళ్ళకి పోతుంది గానీ బ్రేకుల తయారీకి కూడా అదే ఖనిజం కావాలి. ఇంకో దినుసు వింటే నవ్వొస్తుంది, జీడిపిక్క పెంకులో నూనె ఉంటుందే, పలాసలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతులు కాల్చేస్తుందే, ఆ రకం నూనెని గట్టిపరిచి పొడి చేసి ప్యాడ్లలో కలుపుతారు. బ్రేకు కీచుమనకుండా మెత్తగా పట్టడానికి అది బాగా ఉపయోగపడుతుంది. పాత రోజుల్లో ఈ మిశ్రమంలో రాతినార, అంటే ఆస్బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తులకి ఎంత ప్రమాదమో తెలిశాక పెద్ద కంపెనీలు మానేశాయి. అయినా షెడ్డుల్లో బ్రేకు డ్రమ్ము విప్పి ఎయిర్ గన్నుతో దుమ్ము ఊదేస్తుంటే పక్కన నిలబడకండి, ఆస్బెస్టాస్ లేకపోయినా ఆ దుమ్ము పీల్చేది కాదు.

షాపులో దొరికేవి స్థూలంగా మూడు రకాలు. ఆర్గానిక్ అనేవి మెత్తగా ఉంటాయి, చప్పుడు తక్కువ, డిస్కుని తక్కువ అరగదీస్తాయి, చల్లగా ఉన్నప్పుడు కూడా వెంటనే పట్టుకుంటాయి, కానీ మరీ వేడెక్కితే పట్టు తగ్గిపోతుంది. సెమీ మెటాలిక్‌లో ఉక్కు పోగులు, ఇనప పొడి ఎక్కువ, వేడికి బాగా తట్టుకుంటాయి, బదులుగా డిస్కుని తింటాయి, పొద్దున్నే కాస్త చప్పుడు చేస్తాయి, పైగా లోహం కాబట్టి వేడిని ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ వైపుకి, అక్కడి నుంచి పెడల్ ఒత్తిడిని చక్రాలకి చేర్చే బ్రేక్ ఆయిల్ దాకా పంపుతాయి. సెరామిక్ అంటే పింగాణీ ముక్క అనుకోకండి, అవీ రెసిన్‌తో కట్టినవే, ఉక్కు బదులు సెరామిక్ పోగులు వాడతారు అంతే, దుమ్ము లేత రంగులో ఉంటుంది కాబట్టి అల్లాయ్ చక్రాలు నల్లబడవు, రేటు మాత్రం ఎక్కువ. ఎక్కువగా సిటీలో తిరిగే చిన్న కారుకి కంపెనీ ఇచ్చిన రకమే, లేదంటే ఆర్గానిక్‌కి దగ్గరగా ఉండేదే మంచిదని నా అభిప్రాయం. నెలకోసారి శ్రీశైలమో, అరకో ఫుల్ లోడుతో ఎక్కి దిగేవాళ్ళైతే కాస్త లోహం ఉన్నవి ఆలోచించొచ్చు. రేసింగ్ ప్యాడ్లు వేస్తే బ్రేక్ అదిరిపోతుంది అని ఎవరైనా చెబితే నమ్మకండి, అవి వేడెక్కితే గానీ సరిగ్గా పట్టవు, పాలప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్ళొచ్చే కారులో ఆ వేడి ఎప్పటికీ రాదు.

ప్యాడు అంచు మీద చిన్న అక్షరాలుంటాయి, అద్దాలు పెట్టుకుని చూడండి. చివర్లో ఎఫ్ఎఫ్, జీజీ, ఈఎఫ్ లాంటి జంట కనిపిస్తే అది ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంతో చెప్పే అంకె, దాని కోడు, అమెరికా ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన పద్ధతి. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాలినప్పుడు పట్టు. కాబట్టి ఎఫ్ఈ అని ఉంటే వేడిలో పట్టు సడలుతుందని అర్థం. ఇది క్వాలిటీ మార్కు కాదు, ఎంతకాలం మన్నుతుందో, చప్పుడు చేస్తుందో లేదో ఇందులో తెలీదు, కానీ పాత ప్యాడు మీద ఎఫ్ఎఫ్ ఉండి షాపువాడు ఈఈ చేతిలో పెడుతుంటే అడగడానికి మీ దగ్గర ఒక ఆధారం ఉంటుంది. యూరప్ నుంచి వచ్చిన పెట్టె అయితే ఆర్90 గుర్తు ఉందేమో చూడండి, ఒరిజినల్ ప్యాడు పనితీరుకి 15 శాతం అటూఇటూ లోపలే ఉందని పరీక్షించినట్టు. అమెరికాలో ఇంటి గ్యారేజీలో సొంతంగా బ్రేకులు మార్చుకునే మనవాళ్ళకి పెట్టె మీద ఆకుల బొమ్మ, ఏ, బీ, ఎన్ అక్షరాలు కనిపిస్తాయి, అది రాగి ఎంత ఉందో చెప్పే గుర్తు. ప్యాడ్ల దుమ్ములోని రాగి వానకి కొట్టుకుపోయి వాగుల్లో చేరి సాల్మన్ చేపలకి హాని చేస్తోందని వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లో చట్టాలు చేశాయి, ఎన్ ఉంటే రాగి అర శాతం లోపే.

జీజీ వేస్తే బండి ఇంకా తొందరగా ఆగుతుంది కదా అంటారా, ఆగదు. పెడల్ గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ టకటకమని కొట్టుకుంటోందంటే బ్రేకు బలం అప్పటికే టైరు పట్టుని దాటేసిందని అర్థం, అక్కడినుంచి ఆపేది టైరే, అరిగిపోయిన టైర్లు పెట్టుకుని ఖరీదైన ప్యాడ్లు కొనడం దండగ.

డిస్కుల విషయానికొస్తే, దాన్ని ప్యాడు రాసుకునే పళ్ళెం అనుకుంటాం గానీ అది వేడిని దాచుకునే ఇనుము. కొత్త డిస్కు 22 మిల్లీమీటర్లు ఉందనుకోండి, మధ్యలో గాలి సందు పోను రెండు పక్కలా చెరో 6 మిల్లీమీటర్లు ఇనుము. మొత్తం 2 మిల్లీమీటర్లు అరిగితే రెండే కదా అనిపిస్తుంది, కానీ 12లో 2, అంటే వేడిని మింగే ఇనుములో ఆరో వంతు పోయినట్టు, అదే బ్రేకుకి అరిగిన డిస్కు కొత్తదానికంటే ఎక్కువ వేడెక్కుతుంది. అందుకే డిస్కు మీదే మిన్ టీహెచ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కనీస మందం పోత పోసి ఉంటుంది. దాన్ని వర్నియర్‌తో కొలిస్తే మోసపోతాం, ప్యాడు తాకని అంచు అరగకుండా గట్టులా నిలబడి ఉంటుంది, దవడలు ఆ గట్టు మీద ఆనితే కొత్త డిస్కు మందమే చూపిస్తుంది, లోపల అరిగిన చోట మైక్రోమీటర్ పెట్టి చూడాలి. ఆటోనగర్‌లో లేత్ మీద పెట్టి సాపు చేయిస్తాం అంటే చేయించుకోవచ్చు, తిప్పాక కూడా మందం ఆ కనీస అంకెకి పైనే ఉంటేనే. చిల్లులు పొడిచిన డిస్కులు చూడ్డానికి బావుంటాయి గానీ చిన్న కారుకి వద్దు, చిల్లులు పొడిస్తే వేడిని మింగే ఇనుమే తగ్గుతుంది, పగుళ్ళు కూడా ఆ చిల్లుల దగ్గరే మొదలవుతాయి. వైజాగ్ లాంటి సముద్రం ఊళ్ళలో రాత్రి వాన పడితే పొద్దున డిస్కు నారింజ రంగులో కనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు, రెండు మూడు బ్రేకులకి పోతుంది.

బ్రేక్ కొడితే స్టీరింగ్ వణుకుతోందంటే డిస్కు బెండ్ అయింది అనేస్తారు. చాలాసార్లు అది వంగడం కాదు, మందం ఒక చోట ఎక్కువ ఒక చోట తక్కువ కావడం, ఆ తేడా మిల్లీమీటర్‌లో వందో వంతులు రెండు ఉన్నా చేతికి తెలుస్తుంది. డిస్కు కూర్చునే హబ్ మీద తుప్పు గీకకుండా కొత్త డిస్కు బిగిస్తే అది సన్నగా ఊగుతూ తిరుగుతుంది, ప్రతి చుట్టులో ఒకే చోట ప్యాడుని రాసుకుంటుంది, బిగించిన రోజు బాగానే ఉండి కొన్ని వేల కిలోమీటర్లకి వణుకు మొదలవుతుంది. హబ్ మీద ఎమరీ పేపర్ పెట్టి రుద్దడం రెండు నిమిషాల పని, దగ్గరుండి చేయించండి. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది, అదీ తుడిపించాలి. ఎడమ, కుడి చక్రాలవి రెండూ కలిపి మార్చాలని వేరే చెప్పక్కర్లేదు.

బిగించాక ప్యాడుకీ డిస్కుకీ పొత్తు కుదరాలి. ఖాళీ రోడ్డు చూసుకుని 60 స్పీడు నుంచి 15కి మధ్యరకంగా తొక్కి తగ్గించడం, మళ్ళీ 60కి వెళ్ళడం, ఇలా ఎనిమిది పది సార్లు, పూర్తిగా ఆపకుండా, చివర్లో బ్రేక్ జోలికి పోకుండా కాసేపు నడిపి చల్లారనివ్వాలి. ఇలా చేస్తే ప్యాడు పదార్థం సన్నటి పొరగా డిస్కు మీద సమంగా పరుచుకుంటుంది, ఆ తర్వాత పట్టులో చాలా పని ఆ పొరదే. వేడి మీద బండి ఆపి పెడల్ తొక్కి పట్టుకుంటే ప్యాడున్న చోటే పదార్థం అచ్చు పడుతుంది.

ప్యాడ్లు మార్చిన రోజే బ్రేక్ ఆయిల్ కూడా చూపించండి. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 అనే గ్రేడు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, నీరు పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. ఘాట్ దిగుతుంటే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ నేల దాకా వెళ్తుంది గానీ బండి ఆగదు, ప్యాడు ఏ రకమైనా ఒకటే. రెండేళ్ళకోసారి మార్చమని చాలా కంపెనీలు మాన్యువల్‌లో రాస్తాయి. కొనేటప్పుడు మూత మీద ఉన్న అంకె చూసుకోండి, డాట్ 5 అనేది సిలికాన్‌తో చేసిన వేరే జాతి, డాట్ 3, డాట్ 4 పోసే బండిలో అది పొయ్యకూడదు, డాట్ 5.1 మాత్రం వీటి కోవలోదే.