ఆ రోజు ఫోన్ ఎందుకు పగల్లేదంటే

నల్గొండ జిల్లా, మన ఊరు
మిరుగం కార్తె, మూడో రోజు

చిట్టికి, చిన్నోడికి తాత ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ నేను, మీ నాయనమ్మ బాగున్నాం. మిరుగం వచ్చి మూడు రోజులైనా వాన జాడ లేదు. పొద్దుగూకేసరికి మబ్బు పడుతుంది, తెల్లారేసరికి పోతుంది. బత్తాయి చెట్లకు రోజు విడిచి రోజు నీళ్లు పెడుతున్నా.

సెలవులకు వచ్చినప్పుడు చిన్నోడు ఒక మాట అడిగాడు. బోరు దగ్గర స్టార్టర్ డబ్బా మూత తీద్దామని వంగితే, నా చొక్కా జేబులోంచి ఫోన్ జారి నాపరాయి మీద టప్పున పడింది కదా. మీ ఇద్దరి మొహాలు మాడిపోయాయి. తీసి చూస్తే చిన్న గీత కూడా లేదు. "నీ ఫోన్‌కు తొడిగిన పౌచ్ ఇటుక పెళ్ల లెక్క ఉన్నదని నవ్వితిమి గానీ, అసలెందుకు పగల్లేదు తాతా?" అన్నాడు. "పౌచ్ మందంగా ఉంది కదరా" అని చెప్పి తప్పించుకున్నా. అది జవాబు కాదని నాకూ తెలుసు. మందంగా ఉంటే పగలదంటే, మీ నాయనమ్మ ఊరగాయ జాడీ ఎందుకు పగిలింది?

అదీగాక ఈ ఏడు చిట్టి డిగ్రీలో చేరుతున్నది, మీ నాయిన కొత్త ఫోన్ కొనిస్తానన్నాడు. అందుకని ఇద్దరికీ కలిపి ఈ ఉత్తరం.

మన ఇంటి అరుగు మీద నుంచి కిందికి దూకేటప్పుడు మీరేం చేస్తారో గుర్తు చేసుకోండి. కాళ్లు నేలకు తాకగానే మోకాళ్లు వంచుతారు. వంచకుండా కర్రలా బిగబట్టి దూకితే దెబ్బ నడుం దాకా జివ్వుమంటుంది. రెండుసార్లూ ఎత్తు అదే, మనిషీ అదే. మోకాలు వంగినప్పుడు మీ ఒళ్లు ఒక జానెడు దూరంలో మెల్లగా ఆగుతుంది, బిగబట్టినప్పుడు అక్కడికక్కడే ఆగుతుంది. ఫోనుకు మోకాళ్లు లేవు. ఆ పౌచ్ మూలలే దాని మోకాళ్లు.

లెక్క కావాలా చిన్నోడా? ఒక మీటరు ఎత్తు నుంచి పడిన వస్తువు అర సెకను లోపే నేలకు తాకుతుంది. అప్పటికి దాని వేగం గంటకు సుమారు 16 కిలోమీటర్లు, అంటే నువ్వు సైకిల్ మీద మామూలుగా పోయే వేగం. ఇప్పుడు పడిన ఎత్తును, ఆగడానికి పట్టిన దూరంతో భాగించు. ఉత్త ఫోన్ బండ మీద ఒక మిల్లీమీటరులో ఆగిందనుకో. వెయ్యి మిల్లీమీటర్లను ఒకటితో భాగిస్తే వెయ్యి. దాని బరువుకు సుమారు వెయ్యి రెట్ల దెబ్బ తగులుతుందన్నమాట. 200 గ్రాముల ఫోన్ మీద 200 కిలోలు, నాలుగు యూరియా బస్తాలకు పైనే. పౌచ్ మూల నలిగి నాలుగు మిల్లీమీటర్లలో ఆపిందనుకో, అదే దెబ్బ 50 కిలోలకు దిగుతుంది, ఒక బస్తాకు కొంచెం ఎక్కువ. ఇది కాగితం మీది లెక్కే, నిజంగా పడినప్పుడు ఇంత సాఫుగా ఉండదు. అయినా మూడే మూడు మిల్లీమీటర్లు అంత పని చేస్తాయని నాకు కూడా లెక్క వేసేదాకా తెలియదు.

బత్తాయిలు లారీకి ఎత్తేటప్పుడు అడుగున వరిగడ్డి ఎందుకు పరుస్తారో ఇప్పుడు వేరే చెప్పనక్కర్లేదు.

నా పౌచ్ విప్పి చూస్తే రెండు పొరలున్నాయి. లోపలిది మెత్తటిది, వేలితో నొక్కితే నొక్కుకుని మళ్లీ లేస్తుంది. దాన్ని టీపీయూ అంటారు, రబ్బరులా సాగే ప్లాస్టిక్ రకం. బయటిది గట్టిది, పాలికార్బొనేట్. హెల్మెట్ ముందు అద్దం చేసేది కూడా దానితోనే. గట్టి పొర దెబ్బను ఒకచోట నిలవనీయకుండా చుట్టూ పంచుతుంది, మెత్తటి పొర దాన్ని మింగుతుంది. రెండూ ఉండాలి. ఉత్త గట్టి ప్లాస్టిక్ డొప్ప ఉంటే, గీతలు పడకుండా కాపాడుతుంది గానీ దెబ్బను నేరుగా లోపలికి పంపిస్తుంది. ఫోన్ పడితే చాలాసార్లు మూల మీదో అంచు మీదో పడుతుంది. ఆ చిన్న చోటే మొత్తం బరువు మోయాలి. అందుకే మంచి పౌచ్‌లకు నాలుగు మూలల్లో మందం ఎక్కువ పెట్టి, లోపల గాలికి చోటు వదులుతారు.

ఇంకొకటి అంచు. డిస్‌ప్లే చుట్టూ పౌచ్ కొంచెం పైకి లేచి ఉంటుంది. ఫోన్ బోర్లా పడితే ముందు ఆ అంచు నేలకు తాకుతుంది, అద్దం పైనే ఉండిపోతుంది. ఇది ఇంట్లో గచ్చు మీద, నాపరాళ్ల మీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మన ఊరి బాట మీద పనిచేయదు. కంకర రాయి మొన అంచుల మధ్యలోంచి లేచి నేరుగా అద్దాన్ని పొడుస్తుంది. అంచు ఎంత ఎత్తున్నా ఆ రాయికి లెక్కలేదు. నా పాత ఫోన్ పోయింది అట్లనే. పౌచ్ ఉంది కదా అని ధీమాగా బండి మీద కూర్చుని, చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుని మాట్లాడుతుంటే జారి కంకరలో పడింది. పౌచ్ నిక్షేపంగా ఉంది, డిస్‌ప్లే నడిమధ్యలో సాలెగూడు. రిపేరు షాపులో "కాంబో మార్చాలి" అని, అంటే అద్దం, డిస్‌ప్లే కలిపి మార్చాలని చెప్పిన రేటుకు ఇంకో నాలుగు వందలు కలిపితే మామూలు కొత్త ఫోనే వచ్చేది. అప్పటి నుంచి పౌచ్‌తో పాటు టెంపర్ గ్లాస్ కూడా వేయిస్తున్నా.

చిట్టీ, నువ్వు కొనేటప్పుడు షాపులో ఒక పని చెయ్. టెంపర్ గ్లాస్ వేయించాక, పౌచ్ తొడిగిన ఫోన్‌ను కౌంటర్ అద్దం మీద బోర్లా పెట్టు. కింది నుంచి ఒక కాగితం దూర్చి చూడు. నాలుగు అంచుల మీద ఫోన్ నిలబడి, మధ్యలో కాగితం ఆడితే మంచిదే. ఎక్కడా ఆడకపోతే ఆ అంచు పేరుకే. గ్లాస్ మందం కలిశాక అంచు తేలిపోయే పౌచ్‌లు చాలా ఉంటాయి. ఇంకో మాట, మోడల్ పేరు చివర ఉండే ప్లస్, ప్రో లాంటి తోకలు కూడా చూసి తీసుకో. కొంచెం వదులైతే దెబ్బ తగలగానే ఫోన్ మూల బయటికి వచ్చేస్తుంది.

పౌచ్ డబ్బా మీద "మిలిటరీ గ్రేడ్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. క్లాక్ టవర్ దగ్గర నేను కొన్న షాపులో పిల్లగాడు "ఇది ఆర్మీవాళ్లు వాడేది తాతా" అన్నాడు. పాపం, వాడికి ఎవరో అట్లా చెప్పి ఉంటారు. అసలు సంగతి వేరు. మిల్-ఎస్‌టీడీ-810 అని అమెరికా రక్షణ శాఖ పరీక్షల పుస్తకం ఒకటి ఉంది. చాలా డబ్బాల మీద కనిపించే 810జి అనే దాని కూర్పు 2008లో వచ్చింది. అందులో పడేసే పరీక్ష ఏమిటంటే, 48 అంగుళాలు, అంటే 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 26 సార్లు వదలాలి. 26 ఎందుకో చిన్నోడు అగ్గిపెట్టె తీసుకుని లెక్కపెట్టాలి. మూలలు 8, అంచులు 12, ముఖాలు 6. ఒక్కో దాని మీద ఒక్కసారి.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. ఆ పరీక్షలో కింద ఉండేది కాంక్రీటు మీద పరిచిన రెండంగుళాల ప్లైవుడ్. మనకు ప్లైవుడ్ నేల ఏదీ? పైగా 26 దెబ్బలూ ఒక్కటే పీసు తినాలని లేదు, అలాంటివే ఐదు పీసులకు పంచవచ్చు. ఈ పరీక్ష కంపెనీవాళ్లు తామే చేసుకుంటారు, లేదా ఏదో ల్యాబ్‌లో చేయించుకుంటారు. మిలిటరీ వచ్చి ముద్ర కొట్టేది ఏమీ లేదు. అట్లని ఆ మాట ఉన్నవన్నీ మోసమని నేననను. ఏ ఎత్తు నుంచి పడేసి చూశారో రాసిన డబ్బాను కొంత నమ్ముతా. ఉత్త తుపాకీ బొమ్మ వేసినదాన్ని నమ్మను.

నీళ్ల సంగతి రెండు మాటల్లో చెప్తా. ఐపీ68 అని ఉంటే అది ఫోనుకు ఇచ్చినది. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీళ్లకు. పౌచ్ తొడిగినంత మాత్రాన మామూలు ఫోన్ నీళ్లలో బతకదు. ఛార్జింగ్ రంధ్రానికి ఉండే రబ్బరు మూత దుమ్మును ఆపుతుంది, అంతే. వానలో నేను ఇప్పటికీ పాల ప్యాకెట్ కవరే వాడతా, నవ్వితే నవ్వండి.

అసలు ఇబ్బంది మన ఎండతో. నడి మేలో మన దగ్గర 43, 44 డిగ్రీలు మామూలే. మహబూబ్‌నగర్‌లో మీ మేనత్త ఇంట్లో కూడా అదే కథ. ఐఫోన్ చేసే కంపెనీ తన ఫోన్లను 35 డిగ్రీల లోపు వేడిలో వాడమని చెప్తుంది. 35 అంటే మనకు చల్లటి రోజు! ఫోన్ పనిచేసేటప్పుడు పుట్టే వేడి వెనక వైపు నుంచి బయటికి పోవాలి. రెండు పొరల పౌచ్ తొడిగితే ఎండాకాలంలో రగ్గు కప్పినట్టే. మొన్న మేలో చేను గట్టు మీద కూర్చుని మీ నాయినతో వీడియో కాల్ మాట్లాడుతుంటే తెర దానంతటదే మసకబారింది, తర్వాత వేడైందని రాసి ఆగిపోయింది. పౌచ్ తీసి చూస్తే ఫోన్ వీపు చాయ్ గ్లాసులా కాలుతోంది.

అందుకని ఛార్జింగ్ పెట్టేటప్పుడు పౌచ్ తీసేస్తా. ఎండాకాలంలో ఇది తప్పదు, వానాకాలంలో బద్ధకిస్తా. బ్యాటరీకి వేడి పడదు, ఉబ్బసం ఉన్నవాడికి పొగ పడనట్టు. ట్రాక్టర్ బానెట్ మీద, బండి ట్యాంకు మీద పెట్టకండి. వేడెక్కింది కదా అని మా పక్కింటాయన ఫ్రిజ్‌లో పెట్టాడు. చల్లగా బయటికి తీస్తే ఐసు నీళ్ల గ్లాసుకు పట్టినట్టు చెమ్మ పట్టి, కెమెరా లోపల ఆవిరి కమ్మింది. నీడలో పెట్టి పౌచ్ తీస్తే చాలు, పది నిమిషాల్లో దారికొస్తుంది.

ఎట్లాగూ తీస్తారు కాబట్టి లోపల తుడవండి. మన చల్కా నేలల సన్నటి దుమ్ము పౌచ్‌కూ ఫోనుకూ మధ్య చేరి, జేబులో కదిలినప్పుడల్లా గీకుతూ ఉంటుంది. పోయిన ఏడాది నేను నాలుగు నెలల తర్వాత పౌచ్ తీశా. బయటి నుంచి ఒక్క దెబ్బ తినని ఫోన్, అంచుల వెంట మాత్రం గరుకు కాగితంతో రుద్దినట్టు రంగు పోయింది. కాపాడాల్సిందే కొరికింది! ఇప్పుడు ఆదివారం ఆదివారం పాత నూలు పంచె ముక్కతో తుడుస్తున్నా.

ఇంకా ఉన్నాయి చిన్న చిన్నవి. పౌచ్ మందంగా ఉంటే వైర్ లేని ఛార్జర్ సరిగ్గా అందుకోదు. బండి హ్యాండిల్‌కు ఫోన్ బిగిస్తే, పెద్ద ఇంజన్ల అదురుకు కెమెరా పాడవ్వచ్చని 2021లో ఆపిల్ కంపెనీయే చెప్పింది. పౌచ్ ఆ అదురును ఆపదు.

మీ నాయనమ్మకు నా లాంటి పౌచ్ కొంటే నాలుగు రోజుల్లో తీసి పారేసింది. బటన్ నొక్కాలంటే రెండు బొటనవేళ్లు పెట్టి, పళ్లు బిగబట్టి నొక్కాల్సి వచ్చేది. "ఫోన్ ఎత్తుడా, పిండి పిసుకుడా?" అన్నది. ఆమె ఫోన్ ఎప్పుడూ దేవుడి గూట్లోనే ఉంటుంది, అక్కడి నుంచి పడదు. ఆమెకు అవసరం లేదని నేనే ఒప్పుకున్నా. చిట్టీ, నువ్వు కూడా ఆలోచించుకో. హాస్టల్‌కు, కాలేజీకి మధ్య తిరిగేదానికి మూలలు మందంగా ఉన్న మెత్తటి పౌచ్, ఒక టెంపర్ గ్లాస్ సరిపోతాయేమో. నాలాగా బోర్లు, చెట్లు, గట్లు పట్టుకు తిరిగేవాళ్లకు ఇటుక పెళ్ల కావాలి గానీ.

కానీ ఒకటి మాత్రం ఇద్దరూ పెట్టించుకోండి, తాడు. ముప్పై ఏళ్లు కరెంటు స్తంభాలెక్కినవాణ్ని, పైకి పోయేటప్పుడు కటింగ్ ప్లయర్‌ను తాడుతో నడుముకు కట్టుకునేవాణ్ని. పడితే ప్లయర్‌కు ఏమీ కాదు, కింద నిలబడ్డవాడి నెత్తి పగులుతుంది. పౌచ్ కింది మూలన సన్నటి రంధ్రం ఉంటుంది చూడండి, అది అందుకే. నేను ఇన్నాళ్లూ దాన్ని గమనించలేదు. స్టార్టర్ దగ్గర పడిన మర్నాడే దారం దూర్చి మెడకు వేసుకున్నా. ఇప్పుడు వంగితే ఫోన్ జేబులోంచి జారి, గంట కట్టిన మేకపిల్లలా వేలాడుతుంది.

ఆ రోజు దెబ్బ తిన్న పౌచ్‌ను మార్చేశాను. బయటికి బాగానే కనిపించింది గానీ, ఎడమవైపు పై మూల గట్టి పొరలో వెంట్రుకంత చీలిక వచ్చింది. లోపలి మెత్తటి పొర అక్కడ నొక్కితే వెనక్కి లేవడం లేదు. హెల్మెట్ ఒకసారి గట్టి దెబ్బ తింటే మార్చమంటారు కదా, ఇదీ అంతే. పాతది పారేయలేదు, స్టోర్ రూములో మేకుకు తగిలించా. దసరాకు వచ్చినప్పుడు చిన్నోడు ఆ మూలను కత్తితో అడ్డంగా కోసి, లోపల గాలి కోసం వదిలిన గుల్ల ఎంత ఉందో స్కేలుతో కొలవాలి. నా లెక్కలో నాలుగు మిల్లీమీటర్లు అన్నాను కదా, తప్పో ఒప్పో అప్పుడు చూద్దాం. కత్తి నేను పట్టిస్తా, నువ్వు ఒక్కడివే మొదలుపెట్టకు.

మీ అమ్మను, నాయినను అడిగానని చెప్పండి.

ఇట్లు
మీ తాత