ఒరిజినల్ సరుకే కదా, ఎక్కడైనా అమ్ముకోవచ్చా? కొన్ని అపోహలు - వాస్తవాలు

చెన్నైలో కాపీరైట్, పేటెంట్ కేసులు చూస్తుంటాను, ఆఫీసు ప్యారీస్‌లో. బర్మా బజార్‌లో ఫారిన్ సరుకు అమ్మేవాళ్లు, రిచీ స్ట్రీట్‌లో ఎలక్ట్రానిక్స్ అమ్మేవాళ్లు వస్తుంటారు, అందులో మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, అందరూ కూర్చోగానే అనే మాట ఒకటే: "మేడమ్, సరుకు ఒరిజినల్, బిల్లుంది". ఆ ఒక్క మాట నమ్ముకుని బాక్సులు పంపేసి, నోటీసు వచ్చాక పరిగెత్తుకొచ్చే వాళ్లని చూస్తే బాధేస్తుంది, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: డబ్బు పెట్టి కొన్నాక అది నాది, నా ఇష్టం వచ్చిన చోట అమ్ముకుంటా.

దేశం లోపలైతే నిజమే. మూర్ మార్కెట్‌లో పాత పుస్తకాలు అమ్మే ఆయన్ని ఏ పబ్లిషరూ ఆపలేడు, ఒకసారి అమ్మిన కాపీ సర్క్యులేషన్‌లోకి వచ్చేసినట్టే అని మన కాపీరైట్ చట్టం సెక్షన్ 14లోనే ఉంది. దీన్నే ఫస్ట్ సేల్ అంటారు. చిక్కంతా సరిహద్దు దాటించేటప్పుడే.

ఒక నెల్లూరు అబ్బాయి ఇంజనీరింగ్ పుస్తకం తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. తిప్పి చూస్తే వెనక అట్ట మీద, బార్‌కోడ్ కింద చిన్న అక్షరాల్లో, ఇండియా, నేపాల్, శ్రీలంకల్లో మాత్రమే అమ్మాలి అని ఉంది. తను వీటిని అమెరికాలో స్టూడెంట్స్‌కి పంపుతున్నాడు. "అక్కడ థాయిలాండ్ స్టూడెంట్ గెలిచాడు కదా మేడమ్" అన్నాడు. గెలిచింది నిజం. కిర్త్‌సాయెంగ్ అని, థాయిలాండ్‌లో చవగ్గా దొరికే పుస్తకాలు వాళ్లవాళ్లతో తెప్పించుకుని అమెరికాలో అమ్మాడు, 8 పుస్తకాలకి ఒక్కోదానికి 75,000 డాలర్ల చొప్పున మొత్తం 6 లక్షల డాలర్లు కట్టమని కింది కోర్టులో జ్యూరీ చెప్పింది, 2013లో అక్కడి సుప్రీంకోర్టు 6-3తో దాన్ని కొట్టేసింది. అయితే అది అమెరికాలోకి వచ్చే సరుకు గురించి అమెరికా చట్టం చెప్పిన మాట. ఇక్కడి నుంచి పంపేవాడికి ఇక్కడి చట్టం ఉంది, సరిగ్గా ఇలాంటి లో ప్రైస్ ఎడిషన్లు బయటికి అమ్మడాన్నే 2010లో ఢిల్లీ హైకోర్టు ఉల్లంఘన లాగే ఉందని మధ్యంతర ఉత్తర్వుతో ఆపేసింది. మన మద్రాస్ హైకోర్టు దానికి కట్టుబడక్కర్లేదు, కానీ అవతలి లాయర్ మొదట తీసి పెట్టేది అదే తీర్పు. నాకైతే ఆ తీర్పు నచ్చదు, ఇక్కడ సర్క్యులేషన్‌లోకి వచ్చేసిన కాపీ మీద హక్కు పోర్టు దాటగానే మళ్లీ ఎలా బతికొస్తుందో నాకు అర్థం కాదు. నాకు నచ్చకపోయినంత మాత్రాన ఆ అబ్బాయి రిస్క్ తగ్గదు కదా, ఆపేయమనే చెప్పాను.

అపోహ: కంపెనీ డీలర్ దగ్గర కొననిది డూప్లికేటే.

కాదు. బయటి దేశంలో కంపెనీయే అమ్మిన సరుకు కొని తెచ్చి అమ్మడం వేరు, నకిలీ వేరు. 2012లో శాంసంగ్ ప్రింటర్ల కేసులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ (ఇద్దరు జడ్జిలు) అలా తెచ్చి అమ్మడానికి ఒప్పుకుంది, కాకపోతే ఇది ఇంపోర్టెడ్, వారంటీ, సర్వీసు శాంసంగ్ ఇవ్వదు అని షాపులో కొనేవాళ్లకి కనపడేలా బోర్డు పెట్టమంది. ఆ బోర్డు పెట్టని షాపులే ఎక్కువ, దయచేసి పెట్టండి. వస్తువుని మార్చినా, పాడుచేసినా ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 30(4) కింద కంపెనీ అడ్డం పడొచ్చు.

అపోహ: పేటెంట్ ఉంటే ఇంపోర్టుకి దారే లేదు.

ఉంది. పేటెంట్ చట్టం సెక్షన్ 107ఎ(బి) చూడండి, చట్టప్రకారం తయారుచేసి అమ్మే అధికారం ఉన్నవాళ్ల దగ్గర కొని తెస్తే ఉల్లంఘన కాదు. ముందు ఆ సెక్షన్‌లో పేటెంట్ ఓనర్ అనుమతి ఉన్నవాళ్లు అని ఉండేది, 2005లో ఆ మాట మార్చారు. అమెరికాలోనూ 2017లో లెక్స్‌మార్క్ అనే కంపెనీ ప్రింటర్ టోనర్ కార్ట్రిడ్జ్‌ల కేసులో, ఏ దేశంలో అమ్మినా అమ్మాక పేటెంట్ హక్కు అయిపోయినట్టే అని సుప్రీంకోర్టు చెప్పింది. రిచీ స్ట్రీట్‌లో టోనర్ అమ్మేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి, కొన్నప్పుడు ఏదైనా కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టి ఉంటే మాత్రం దాని సంగతి వేరే.

ఈ-బుక్స్ మళ్లీ అమ్ముకోవచ్చా అని కూడా అడుగుతున్నారు. మామూలుగా మీ చేతికొచ్చేది లైసెన్సే, యూరప్ కోర్టు కూడా 2019లో ఈ-బుక్స్‌కి ఈ ఫస్ట్ సేల్ సూత్రం వర్తించదనే చెప్పింది.

అమెరికా నుంచి వచ్చే అక్క మీరు చదువుకోడానికి ఒక పుస్తకం సూట్‌కేస్‌లో పెట్టుకొస్తే మాత్రం అస్సలు కంగారు పడొద్దు, సొంతానికి ఒక కాపీ తెచ్చుకోవచ్చని కాపీరైట్ చట్టం సెక్షన్ 51లోనే ఉంది.