ఫోన్‌లో కేన్సర్ ఫాలోఅప్: మన పెద్దవాళ్ల విషయంలో అపోహలు - వాస్తవాలు

కేన్సర్ వైద్యం పూర్తయి ఇంటికి చేరిన పెద్దవాళ్ల ఫాలోఅప్ చూసే నర్సుని నేను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రాజోలు, ముమ్మిడివరం, నరసాపురం వైపు వాళ్లు. గోదావరి మధ్య లంక ఊళ్ల వాళ్లయితే ముందు పడవెక్కాలి, తర్వాత ఆటో, ఆ తర్వాత బస్సు. విశాఖలో ఆపరేషన్ అయినవాళ్లకి అమలాపురం నుంచే 200 కిలోమీటర్లు దాటుతుంది. డెబ్భై ఏళ్ల మనిషికి ఆ ప్రయాణమే ఒక జబ్బు. అందుకే ఫోన్‌లో, వీడియోలో డాక్టరుతో మాట్లాడే వీలుండటం వీళ్లకి పెద్ద అండ. దాన్ని బొత్తిగా నమ్మనివాళ్లూ ఉన్నారు, నమ్మకూడనంతగా నమ్మేవాళ్లూ ఉన్నారు.

అపోహ: డాక్టరు చెయ్యి వేసి చూడకపోతే అది చెకప్పే కాదు.

వాస్తవం: కేన్సర్ ఎక్కడ వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రొస్టేట్ కేన్సర్ తర్వాత ముఖ్యంగా చూసేది పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష. పెద్దపేగు కేన్సర్ అయితే సీఈఏ. రక్తం దగ్గర్లోని ల్యాబ్‌లో ఇచ్చి, రిపోర్టు ఫోన్‌లో పంపి, డాక్టరుతో మాట్లాడవచ్చు. పేగు లోపలికి గొట్టం వేసి చూసే కొలనోస్కోపీకి మాత్రం రావాల్సిందే.

మందుల సంగతి అయితే ఫోన్‌లోనే ఇంకా బాగా తేలుతుంది. రొమ్ము కేన్సర్ తర్వాత లెట్రోజోల్ వాడే చాలామందికి కీళ్ల నొప్పులు వస్తాయి. వయసు నొప్పులేలే అని కొందరు ఓర్చుకుంటారు. మాత్ర వల్లేనని గ్రహించి కొందరు చెప్పకుండా మానేస్తారు. ఏళ్ల తరబడి వాడాల్సిన మందు అది. మధ్యలో ఒక ఫోన్ చేస్తే డాక్టరు వేరే మాత్రకు మార్చగలరు, ఎముకల పరీక్ష చేయించగలరు. ఆరు నెలల తర్వాత వచ్చి చెబితే అన్నాళ్ల మందూ పోయినట్టే కదా.

అపోహ: వీడియో ఉందిగా, ఇక ఆసుపత్రికి ఎందుకు?

వాస్తవం: నోటి, గొంతు కేన్సర్ వచ్చినవాళ్లు ఈ మాట అసలు నమ్మకండి. లంక పొగాకు చుట్టలు కాల్చిన తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. వాళ్ల నోట్లో వేలు పెట్టి తడమాలి, మెడలో గడ్డలున్నాయేమో నొక్కి చూడాలి, గొంతులోకి స్కోపు వేయాలి. ఇవేవీ ఫోన్ చేయలేదు. జబ్బు తిరగబెడితే చాలావరకు మొదటి రెండు మూడేళ్లలోనే తిరగబెడుతుంది కాబట్టి అప్పుడు తేదీ తప్పకూడదు. దవడకు రేడియేషన్, అదే కరెంటు, పెట్టించుకున్నవాళ్లు ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి. పన్ను కదులుతోందని కేన్సర్ డాక్టరుని అడగకుండా పీకించుకోకండి. దవడ ఎముక మానకుండా పాడైపోవచ్చు. ఇలాంటిది అడగడానికి మాత్రం ఒక్క ఫోన్ చాలు.

నడుము నొప్పితో పాటు కాళ్లలో పట్టు తప్పుతున్నా, ఊపిరి అందకపోయినా వీడియో అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి.

అపోహ: పెద్దవాళ్లకి ఫోన్ వాడటం రాదు, కొడుకో కోడలో మాట్లాడితే సరిపోతుంది.

వాస్తవం: నాకు ఎక్కువ దిగులు కలిగించేది ఇదే. ఫోన్ కొడుకు ఎత్తుతాడు. "అమ్మకి బాగానే ఉందండి, తింటున్నారు, తిరుగుతున్నారు" అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు, అతనికి తెలిసింది అంతే. రొమ్ము కేన్సర్‌కి టామోక్సిఫెన్ అనే మాత్ర వాడుతున్న అమ్మకి, ముట్లు ఆగిన ఎన్నో ఏళ్లకి మళ్లీ రక్తం కనబడితే కొడుకుతో చెబుతుందా? ఆ మందుకీ గర్భసంచి లోపలి పొర కేన్సర్‌కీ సంబంధం ఉంది కాబట్టి ఆ రక్తపు మరక గురించి మాకు వెంటనే తెలియాలి. గర్భసంచి ముఖద్వారానికి కరెంటు పెట్టించుకున్నవాళ్లకి ఏళ్ల తర్వాత కూడా విరేచనంలో రక్తం పడొచ్చు. నాన్నగారైతే ప్రొస్టేట్ ఆపరేషన్ తర్వాత మూత్రం ఆగడం లేదని కోడలి ముందు అనరు.

అందుకే కాసేపు ఫోన్ అమ్మకివ్వండి బాబూ అని అడుగుతాను. మొదట "ఆయ్, బాగానే ఉన్నానండి" అంటారు. పక్కన ఎవరూ లేరని తెలిశాక అసలు సంగతి బయటికి వస్తుంది. పిల్లలు చేయాల్సింది ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, కాసేపు అవతలి గదిలోకి వెళ్లడం. చెవులు సరిగా వినబడకపోతే, అమ్మకి చనువున్న ఆడమనిషిని పక్కన కూర్చోబెట్టండి. స్మార్ట్‌ఫోన్ లేదని ఆగిపోకండి, మాట్లాడటానికి మామూలు ఫోనే చాలు. 2019లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని సేవ ఉచితమే, ఊళ్లోని హెల్త్ క్లినిక్ నుంచి కూడా డాక్టరుతో కలుపుతారు. అయితే అక్కడ దొరికే డాక్టరుకి మీ కేసు తెలియదు. డిశ్చార్జ్ సమ్మరీ, ఇప్పుడు వాడుతున్న మాత్రల షీట్లు చేతిలో పెట్టుకుని మాట్లాడండి.

అపోహ: ఫోన్‌లో ఏ మందైనా రాయించుకోవచ్చు.

వాస్తవం: కుదరదు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మార్ఫిన్ లాంటి నార్కోటిక్ (మత్తు కలిగించే) మందులు ఈ పద్ధతిలో రాయకూడదు. నొప్పికి మార్ఫిన్ వాడుతున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, ఎన్ని రోజులకు సరిపడా ఇవ్వగలరో డాక్టరుని ముందే అడిగి, గోదావరి పెరిగి లంకలకు దారి మూసుకుపోకముందే తెచ్చిపెట్టుకోండి.