చుక్క పెట్టిన నత్తలు

‘హైస్కూల్ పిల్లల్ని దీవికి తీసుకెళ్ళి పర్యావరణ పాఠాలు చెబుతారట, అక్కడ ఏం చేయిస్తారు?’ అని ఒక పాఠకురాలు అడిగారు. మొక్కల్ని గుర్తుపట్టడం, పక్షిగూళ్ళు వెతకడం, ఒడ్డున చెత్త ఏరి తూచడం, ఇలా చాలా ఉంటాయి. నాకు మహా ఇష్టమైంది మాత్రం నత్తల లెక్క. దాని గురించే చెబుతాను.

అలలు తగిలే రాళ్ళ మీద నత్తలన్నిటినీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం అయ్యే పని కాదు. సగం పగుళ్ళలోనే దాక్కుంటాయి. అందుకని ఓ 50 నత్తల్ని పట్టి, పెంకు తుడిచి ఆరాక నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టి, తీసినచోటే వదిలేస్తారు. మర్నాడు మళ్ళీ 60 పడతారు. వాటిలో 12కి చుక్క ఉందనుకోండి. దొరికినవాటిలో అయిదో వంతుకి చుక్క ఉందంటే, మొత్తంలోనూ దాదాపు అంతే ఉండాలి. మనం చుక్క పెట్టింది 50కి కాబట్టి మొత్తం 250. అమెరికాలో ఫ్రెడరిక్ లింకన్ అనే పక్షిశాస్త్రవేత్త 1930లో బాతుల్ని లెక్కకట్టింది ఇలాగే. దొరికినవి తక్కువైతే ఈ లెక్క కొంచెం ఎక్కువ చూపిస్తుంది. దానికి చాప్‌మన్ అనే గణాంకవేత్త చెప్పిన సవరణ ఉంది: మూడు అంకెలకీ ఒకటి కలిపి, 51ని 61తో గుణించి, 13తో భాగించి, ఒకటి తీసేస్తే 238.

బోర్డు మీద ఇది అయిదు నిమిషాల పాఠం, పరీక్షలో రెండు మార్కులు. రాళ్ళ మీదకెళ్తేనే అసలు తమాషా. రంగు చుక్క మీదకే కళ్ళు పోతాయి, చుక్కలవే ఎక్కువ చేతికొస్తాయి, లెక్క తగ్గిపోతుంది. పోనీ రంగు ఊడిపోయిందా, లెక్క పెరిగిపోతుంది. ఇంకో చిక్కు: చుక్క ఉన్న పెంకు తిరగేస్తే లోపల నత్త మూత బదులు పీత గోళ్ళు కనిపిస్తాయి. నత్త చచ్చిపోయింది, ఖాళీ పెంకులో హెర్మిట్ క్రాబ్ కాపురం పెట్టింది. తిరగేసి చూడనివాడు చచ్చినదాన్ని బతికున్న లెక్కలో వేస్తాడు.

అన్నట్టు, మనిషి ముట్టుకుంటే ఆ వాసనకి తల్లిపక్షి పిల్లని వదిలేస్తుందని భయపడే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాసన సంగతి అపోహే. కాకపోతే, పొదిగేటప్పుడు పదేపదే కదిలిస్తే కొన్ని సముద్రపక్షులు నిజంగానే గుడ్లు వదిలేస్తాయి. భయం తప్పు, జాగ్రత్త మాత్రం కరెక్టే.

సంరక్షణలో ఈ లెక్క చేతులెత్తేసే చోటు ఒకటుంది. ఓడల్లో వచ్చిన ఎలుకలు సముద్రపక్షుల గుడ్లనీ పిల్లల్నీ తినేస్తాయి. దక్షిణ అట్లాంటిక్ సముద్రంలోని దక్షిణ జార్జియా దీవిలో వాటికి హెలికాప్టర్లతో విషపు ఎర చల్లారు. ఆ తర్వాత ఒక్కటీ దొరక్కపోతే? సున్నాతో భాగించలేం. అప్పుడు ప్రశ్న తిరగేయాలి: ‘ఎలుకే ఉంటే ఇన్నాళ్ళు దొరక్కుండా తప్పించుకోగలదా?’ ఒక రాత్రి బోనులో పడే అవకాశం నూటికి 10 అనుకుంటే, 30 రాత్రులూ తప్పించుకునే అవకాశం 0.9ని 30 సార్లు గుణిస్తే వస్తుంది. అంటే నూటికి 4. అదీ చాలదు. అందుకే 2015లో ఎర చల్లడం ముగిశాక కూడా ఆగి, కుక్కలతో వాసన పట్టించి, ఎలుకలు లేవని 2018లో ప్రకటించారు. ఒక్క జంట మిగిలినా, ఆ వ్యవధిలో పిల్లలు పెట్టి కంటబడేంత పెరిగిపోతుంది మరి.